జోకిచి తకామినె: బూజునుండి ఔషధము

ధాన్యమునకు బూజు పట్టుట మన ఇండ్లలో నష్టముగా భావింపబడును. బూజు పట్టిన గింజను ఎండబోయుదురు. అప్పటికిని పనికిరానిచో పారవేయుదురు. తూర్పు ఆసియా దేశములలో మాత్రము కొన్ని జాతుల బూజును కోరి పెంచి, వంటలకును పానీయములకును వినియోగించు విద్య శతాబ్దములుగా వర్ధిల్లుచు వచ్చినది. బూజు పట్టించిన పిండిముద్దలను జీర్ణకారిగా వాడు ఆచారము చైనా వైద్యమునందు పూర్వమునుండియు కలదు. అయినను ఆ విద్యను రసాయనశాస్త్రపు కొలతలకు లోబరచి, శుద్ధిచేసిన చూర్ణముగా ఆధునిక ఔషధశాలల లోనికి తెచ్చినవాడు జపాను దేశీయుడైన జోకిచి తకామినె. ద్రవములో గాక, తడిపిన ఘనపదార్థముపై సూక్ష్మజీవిని పెంచు పద్ధతిని నేటి శాస్త్రజ్ఞులు ఘనస్థితి కిణ్వనమని వ్యవహరింతురు. ఆ పద్ధతి పాశ్చాత్య ఔషధ పరిశ్రమలో నిలద్రొక్కుకొనుటకు ఆయన కృషియే ముఖ్యకారణము. తల్లి పుట్టినింటి వృత్తి పరదేశమున ఒక రూపమున ఓడిపోయి మరియొక రూపమున గెలిచిన వృత్తాంతమే ఆయన జీవితము.

తకామినె 1854 నవంబరు 3 వ తేదీన జపాను పశ్చిమతీరమునకు సమీపమున నున్న తకఓక పట్టణమున జన్మించెను. అమెరికా నౌకాదళము ఒత్తిడికి లోనై జపాను తన రేవులను విదేశీయులకు తెరచిన సంవత్సరమది. తండ్రి సెయిచి కగా సంస్థానాధిపతి కొలువునందలి వైద్యుడు. డచ్చి గ్రంథముల మూలమున జపానునకు వచ్చిన పాశ్చాత్య వైద్యమును అభ్యసించినవాడు. తల్లి యుకికో సాకే అను బియ్యపు మద్యమును తయారుచేయు కుటుంబమున పుట్టినది. జోకిచి శైశవముననే కుటుంబము సంస్థానపు ముఖ్యపట్టణమైన కనజవాకు తరలివచ్చెను. ఒక వైపు తండ్రి ఔషధములు, రెండవ వైపు తల్లి పుట్టినింటి వారి కోజి గదులు, ఈ రెండును బాలుని చుట్టునున్న ప్రపంచము. ఆయన పిమ్మట సాధించినది ఈ రెంటి కలయికయే.

కగా ప్రభువులు పరభాషలు నేర్పింపదలచి ఎన్నుకొన్న బాలురలో జోకిచి ఒకడు. 1865 లో, పట్టుమని పండ్రెండేండ్లు నిండకమునుపే, ఆయనను నాగసాకి రేవుపట్టణమునకు పంపిరి. అచట విదేశీయుల సాంగత్యమున ఆంగ్లము నేర్చెను. తరువాత ఒసాకాలో వైద్యవిద్య ప్రారంభించి, రసాయనశాస్త్రమున అభిరుచి కలుగగా దానివైపు మరలెను. తండ్రి వృత్తిని విడిచి టోక్యోలోని రాజకీయ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1879 లో అనువర్తిత రసాయనమున పట్టము పొందెను. ఆ కళాశాలయందలి ఆచార్యులు పెక్కురు బ్రిటిషువారు. ప్రభుత్వము ఆయనను 1880 లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమునకు ఉన్నతవిద్యకై పంపెను. మూడేండ్లు అచట చదువుకొని, కర్మాగారముల పనితీరును చూచి 1883 లో స్వదేశమునకు తిరిగివచ్చి, వ్యవసాయ వాణిజ్య శాఖలో ఉద్యోగియయ్యెను.

ఆనాటి జపాను యువకులలో అనేకులు పాశ్చాత్య పరిశ్రమలను యథాతథముగా తమ దేశమున నెలకొల్ప ఉత్సహించుచుండిరి. తకామినె దృష్టి కొంత భిన్నమైనది. జపానునందు అనాదిగా ఉన్న సాకే, నీలిమందు, కాగితము మున్నగు పరిశ్రమలలో శాస్త్రీయముగా గ్రహింపదగినది ఏమి కలదని ఆయన విచారించెను. ఈ విచారమునకు ఆయన ఒక్కడే కర్త కాడు. టోక్యోలో బోధించుచుండిన అట్కిన్సన్ అను ఆంగ్లేయ రసాయనవేత్త సాకే తయారీని పరీక్షించి 1881 లోనే గ్రంథమును ప్రకటించియుండెను. కాని అట్కిన్సనుకు అది పరిశీలింపదగిన పరదేశపు వింత. తకామినెకు అది ఇంటివిద్య.

1884 లో న్యూ ఆర్లియన్స్ నగరమున జరిగిన పత్తి ప్రదర్శనకు జపాను ప్రతినిధులలో ఒకడుగా ఆయన అమెరికా వెళ్లెను. ఆ యాత్రవలన రెండు ఫలములు కలిగినవి. దక్షిణ కరొలీనా ప్రాంతపు ఫాస్ఫేటు శిలలనుండి ఎరువు తయారుచేయు విధమును గ్రహించెను. కెరొలైన్ హిచ్ అను యువతితో పరిచయమై, 1887 లో ఆమెను వివాహమాడెను. జపానులో పేటెంటు కార్యాలయము క్రొత్తగా ఏర్పడిన ఆ దినములలో ఆయన అందు ఉన్నతోద్యోగిగా పనిచేసి, ఒక కల్పన ఎప్పుడు కర్త సొత్తగునో నిర్ణయించు న్యాయమును దగ్గరనుండి చూచెను. 1887 లో షిబుసవ ఎయిచి మున్నగు వ్యాపారప్రముఖుల తోడ్పాటుతో టోక్యో కృత్రిమ ఎరువుల సంఘమును స్థాపించెను. అది నిలద్రొక్కుకొనుచుండగనే ఆయన మనస్సు కోజివైపు మరలెను.

కోజి తయారీ చూచుటకు సులభముగనే కన్పట్టును. బియ్యమును నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, చల్లార్చి, ముందుగా పెంచి దాచియుంచిన బూజు విత్తనమును దానిపై చల్లుదురు. ఇడ్లీపిండివలె దానంతటది పులియువరకు వేచియుండుట కాదు. పాలకు తోడు పెట్టుటవలె ఎరిగిన జాతిని ఎరిగినట్లు చేర్చుట. పిమ్మట వెచ్చని గదిలో చెక్క పళ్లెములపై పలుచగా పరచి, నడుమనడుమ కలియబెట్టుచు సుమారు రెండు దినములు కాచుకొందురు. గింజలపై తెల్లని నూగు అల్లుకొని కమ్మని వాసన వచ్చును. ఈ బూజునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆస్పర్జిల్లస్ ఒరైజే. ఒరైజా అనగా లాటినున వరి.

ధాన్యమందలి పిండిపదార్థము నేరుగా మద్యముగా మారదు. మొదట చక్కెరగా మారవలయును. ఆ చక్కెరను ఈస్టు మద్యముగా మార్చును. ఐరోపా అమెరికాలలో మొదటి పనిని మాల్టు, అనగా మొలకెత్తించి ఎండించిన బార్లీ, చేయుచుండెను. మొలకయందు ఆ మార్పును కలిగించు పదార్థమునకు 1833 లో ఫ్రెంచి రసాయనవేత్తలు డయాస్టేజు అని పేరిడిరి. జపానులో ఆ పనియే బూజు చేయుచున్నది. బార్లీ మాల్టగుటకు వారమునకు పైగా పట్టును. కోజికి రెండు దినములు చాలును. పైగా తకామినె ఒక ముఖ్యమైన మార్పు చేసెను. విలువగల బియ్యమునకు మారుగా, పిండిమరలలో మిగిలిపోవు గోధుమ తవుడును తడిపి దానిపై బూజును పెంచెను. తవుడు పొరలుపొరలుగా, గుల్లగా ఉండుటవలన గాలి లోనికి చొరబడును. బూజు ప్రతి రేకుమీదను పెరుగును. అమెరికాలో తవుడు చవుక, సమృద్ధి.

ఈ పద్ధతిచే విస్కీ తయారుచేయింపదలచి, అమెరికా సారాయి కర్మాగారముల సమాఖ్య ఆయనను ఆహ్వానించెను. 1890 లో తకామినె భార్యను, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని అమెరికా చేరెను. ఇల్లినాయి రాష్ట్రములోని పియోరియా పట్టణము ఆనాడు విస్కీ పరిశ్రమకు కేంద్రము. అచట పరీక్షలు ప్రారంభమయినవి. పద్ధతి ఫలించినచో మాల్టు తయారీపై ఆధారపడినవారి జీవనము దెబ్బతినును. వారి ప్రతికూలత నానాటికి పెరిగెను. ఇంతలో ఆయన పరికరములున్న పనిశాల అగ్నికి ఆహుతియయ్యెను. తిరిగి పనికి పూనుకొన్నను, ఆయన కాలేయవ్యాధితో మంచము పట్టెను. భార్య ఆయనను రైలులో చికాగో నగరమునకు చేర్చి చికిత్స చేయించి ప్రాణము నిలుపుకొనెను. 1895 లో విస్కీ సమాఖ్యయే కూలిపోయెను. ఏ కార్యము నిమిత్తము ఆయన స్వదేశమును, తాను నెలకొల్పిన పరిశ్రమను విడిచివచ్చెనో ఆ కార్యము విఫలమైనది.

తకామినె గొప్పతనము ఈ వైఫల్యమును తిలకించిన తీరులో ఉన్నది. విస్కీ కర్మాగారమునకు అక్కరలేకపోయినను తవుడుకోజిలోని శక్తి ఎక్కడికిని పోలేదు. పిండిపదార్థమును చక్కెరగా మార్చు ఆ శక్తిని బూజునుండి వేరుచేసి చూర్ణముగా నిలువ చేసినచో, అది పీపాలో చేయు పనినే మానవుని ఉదరములో చేయవచ్చును. అన్నమును రొట్టెను అరిగించుకొనలేని రోగికి అది ఔషధమగును. తండ్రి వైద్యమును, తల్లి పుట్టినింటి కోజియును ఇచ్చట కలిసికొన్నవి.

ఆయన అనుసరించిన విధానమిది. గోధుమ తవుడును నీటితో తడిపి ఆవిరిపై ఉడికించిన, అది మెత్తబడుటయేగాక అందున్న ఇతర సూక్ష్మజీవులు నశించును. చల్లారినపిదప బూజు విత్తనమును కలిపి, తేమయు వెచ్చదనమును గల గదిలో పలుచగా పరచవలెను. పెరుగు బూజు తానే వేడిని పుట్టించును. రాశి మందమైనచో లోపలి వేడి బయటకు పోలేక బూజు తన వేడిలో తానే మాడిపోవును. కావున పొర పలుచగా ఉండుటయు గాలి ఆడుటయు ప్రధానము. తేమ తక్కువైనచో పెరుగుదల ఆగును. ఎక్కువైనచో తవుడు ముద్దకట్టి కుళ్లు చేరును. బూజు విత్తనము వేసి రంగు మారకమునుపే, డయాస్టేజు సమృద్ధిగా ఉన్న సమయమున పెరుగుదలను నిలిపి తవుడును నీటిలో నానబెట్టవలెను. కిణ్వము నీటిలోనికి దిగును. ఆ నీటిని వడగట్టి చిక్కబరచి ఆల్కహాలు పోయగా కిణ్వము విరిగి అడుగున చేరును. దానిని ఆరబెట్టిన లేతవన్నె చూర్ణము లభించును. ద్రవములో పెంచినచో నీటిలో పలుచబడిపోవు పదార్థము, ఇచ్చట తవుడురేకులపైననే గాఢముగా దొరకుట ఈ పద్ధతియందలి లాభము.

ఈ విధానమునకు అమెరికా ప్రభుత్వము 1894 సెప్టెంబరులో పేటెంటు ఇచ్చెను. సూక్ష్మజీవినుండి పొందిన కిణ్వమునకు ఆ దేశమున లభించిన తొలి పేటెంటుగా దీనిని ఎంచుదురు. డెట్రాయిటు నగరమందలి పార్క్ డేవిస్ ఔషధసంస్థ హక్కులు పొంది, 1895 లో దీనిని తకా-డయాస్టేజు అను పేర విపణిలోనికి తెచ్చెను. పేరులోని మొదటి భాగము తకామినె ఇంటిపేరునుండి గైకొన్నది. రెండవది గ్రీకుమూలమున ఫ్రెంచివారు కల్పించినది. ఆయన ఇంటిపేరునకు ఉన్నత శిఖరమని అర్థము. ప్రాచ్యపు పేరును పాశ్చాత్య శాస్త్రపదమును ఒక సమాసమున కూర్చిన ఆ మాట, అందలి వస్తువు పుట్టుకకు తగినట్లే కుదిరినది.

జపానులో ఈ ఔషధమును విక్రయించుటకు 1899 లో సాంక్యో వ్యాపారశాల వెలసెను. 1913 లో అది పెద్ద సంస్థగా మారినపుడు తకామినెయే తొలి అధ్యక్షుడు. జపాను బూజునుండి అమెరికాలో పుట్టిన ఔషధము జపానునకు విదేశీవస్తువుగా తిరిగివచ్చుట చిత్రమే. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములకు అది ఎంత వాడుకలోనికి వచ్చెననగా, నత్సుమె సోసెకి నేను పిల్లిని అను తన ప్రసిద్ధ నవలలో అజీర్ణరోగియైన ఉపాధ్యాయునిచే దీనిని సేవింపజేసెను.

ఇచ్చట ఒక ప్రశ్న సహజముగ పుట్టును. కోజి ఏ ఒక్కని సృష్టియు కాదు. సాకే కాచు కుటుంబములు తరతరములుగా కాపాడిన సంపద. దానిపై ఒక వ్యక్తికి హక్కు ఎట్లు సిద్ధించెను? పేటెంటు పత్రమును పరిశీలించినచో, బూజును గాని కోజిని గాని తకామినె తన సొత్తని చెప్పుకొనలేదని తెలియును. తవుడుపై పెంచుట, తగిన సమయమున నిలుపుట, కిణ్వమును వేరుచేయుట అను క్రియావిధానమునకే ఆయన హక్కు కోరెను. అయినను ఆ విధానమునకు పునాది ఎవరి పేరును నమోదుకాని జనుల అనుభవమే. కోజి గదులలో చేతితో తాకి వేడిని, వాసన చూచి పాకమును గుర్తించినవారికి ఆ లాభములో పాలు దక్కలేదు. సంప్రదాయవిద్యలు నేడు వివాదమగుచున్న ప్రతిచోటను ఈ ప్రశ్న తిరిగి తలయెత్తుచున్నది. తకామినె జీవితము దానికి సమాధానము చెప్పదు. తొలి ఉదాహరణములలో ఒకటిగా నిలుచును.

ఔషధము తెచ్చిన ధనముతో ఆయన న్యూయార్కు నగరమున ప్రయోగశాల నెలకొల్పెను. 1900 వేసవిలో ఆయన సహాయకుడు కెయిజో ఉయెనక, పశువుల మూత్రపిండములపై నుండు గ్రంథులనుండి రక్తపోటును పెంచు పదార్థమును స్ఫటికరూపమున సాధించెను. అదియే ఎడ్రినలిను, శుద్ధరూపమున లభించిన తొలి హార్మోను. 1901 లో ఈ ఫలితము లోకమునకు వెల్లడియైనపుడు కీర్తి తకామినెకు దక్కెను. ఉయెనక పేరు వెనుకబడెను. ఆ దినములలో ఉయెనక వ్రాసుకొన్న ప్రయోగపుస్తకము జపానులో భద్రపరుపబడి, ఆయన పాలు ఎంతటిదో తరువాతి తరములవారికి తెలిపినది. ఈ పదార్థముపై పేటెంటును 1911 లో న్యూయార్కు న్యాయస్థానము సమర్థించెను. ప్రకృతియందలి వస్తువునైనను శుద్ధిచేసి ప్రయోజనకరము గావించినచో హక్కు కలుగునను ఆ తీర్పు, ఆ మీదట ఒక శతాబ్దము పాటు చర్చింపబడుచు వచ్చినది.

ముప్పదియేండ్లకు పైగా అమెరికాలో నివసించి, అచటి స్త్రీని పెండ్లాడి, అచటి వైద్యులకు రెండు ముఖ్యౌషధములను సమకూర్చినను తకామినెకు ఆ దేశపు పౌరసత్వము లభింపలేదు. జపానులో పుట్టినవారికి పౌరసత్వమును ఆనాటి చట్టము అనుమతింపలేదు. ఆయన దానికి ప్రతిగా కినుకబూనక, రెండు దేశముల నడుమ మైత్రికై పాటుపడెను. 1905 లో న్యూయార్కున నిప్పన్ క్లబ్బును స్థాపించెను. వాషింగ్టను నగరమునకు చెర్రీమొక్కలను కానుకగా పంపు కార్యమునకు ధనసహాయము చేసెను. దాత పేరుమాత్రము టోక్యో నగరమునదియే. 1910 లో వచ్చిన రెండువేల మొక్కలు పురుగు పట్టియుండుటచే తగులబెట్టబడగా, 1912 లో మూడువేలకు పైగా మొక్కలు మరల వచ్చి నాటబడినవి. 1913 లో స్వదేశమునకు వెళ్లినపుడు, పరుల విజ్ఞానమును అనుకరించుటతో తృప్తిపడక మౌలిక పరిశోధనకు జాతీయసంస్థ కావలెనని ప్రబోధించెను. 1917 లో రికెన్ అను పరిశోధనాలయము వెలసెను. 1922 జూలై 22 న తకామినె న్యూయార్కులో మరణించెను. జపానీయులు పౌరసత్వమునకు అర్హులు కారని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఆ సంవత్సరము నవంబరులో తీర్పు చెప్పెను. ఆ నిషేధము తొలగినది 1952 లో.

కోజిని మద్యపరిశ్రమలో నిలుపవలెనను తొలికోరికను ఆయన కడవరకు విడువలేదు. పళ్లెములకు మారుగా మెల్లగా తిరుగు పీపాలలో తవుడుకోజిని పెద్దమొత్తమున పెంచు విధమును రూపొందించి, 1914 లో తన అనుభవములను ప్రకటించెను. కాని 1940 తరువాత పరిశ్రమ వేరు దారి పట్టెను. పియోరియాలో 1940 లో ప్రారంభమైన ప్రభుత్వ పరిశోధనాలయము, పెన్సిలినును ఇచ్చు బూజును లోతైన తొట్లలో ద్రవమునందు పెంచు పద్ధతిని వృద్ధిచేసెను. తకామినె ఓడిపోయిన ఊరిలోనే బూజు ఔషధ పరిశ్రమకు మూలమయ్యెను. అయితే తవుడుపై కాదు, ద్రవములో. వేడిని, గాలిని, తేమను అదుపుచేయుట ద్రవమున సులభము, తవుడురాశిలో కష్టము.

అయినను తవుడు పద్ధతి నశింపలేదు. తకా-డయాస్టేజు చూర్ణము డయాస్టేజుతోపాటు అనేక కిణ్వములకు నిలయమని తెలిసినది. 1957 లో జపాను శాస్త్రజ్ఞులు సాతో, ఎగామి అందుండి రైబోన్యూక్లియేజు టి1 అను కిణ్వమును వేరుచేసిరి. పేరులోని టి అక్షరము తకా-డయాస్టేజును స్మరింపజేయును. 1965 లో ఒక ఆర్.ఎన్.ఏ. అణువులోని ఘటకముల వరుసను తొలిసారిగా నిర్ణయించిన అమెరికా శాస్త్రజ్ఞుడు హోలీకి ఆ కిణ్వము సాధనమయ్యెను. మన దేశమున మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము ఘనస్థితి కిణ్వనముపై పరిశోధనలు సాగించెను. బెంగుళూరునందలి బయోకాన్ సంస్థ ఆ పద్ధతిని యంత్రబద్ధముచేసి, రక్తమున కొలెస్టరాలును తగ్గించు లోవాస్టాటిను మున్నగు బూజుసంబంధ ఔషధముల తయారీకి ఉపయోగించెను. పలుచని పొర, తగిన తేమ, వేడిని తొలగించు ఉపాయము అను తకామినె నాటి సమస్యలే నేటి యంత్రములకును మూలసమస్యలు.

ఇంటివిద్య శాస్త్రమగుటకు దానిని విడనాడనక్కరలేదు. కొలిచి, కారణమెరిగి, పరులకు అందజేయగల రూపమున చెప్పవలెను. తకామినె చేసినది ఇదియే. కోజి గదిలోని తెల్లని నూగు ఆయనకు పూర్వము ఎన్నో శతాబ్దములు అదే పనిని చేసెను. దానిలోని శక్తికి ఒక పేరును, ఒక తూకమును, రోగి చేతికందు ఒక రూపమును ఇచ్చినందుననే ఒక ప్రాంతపు ఆచారము సకలజనుల ఔషధమైనది.